గుత్తి సాలీడును వేరే జాతితో జతకట్టిస్తే తప్పా?

గుత్తి_జంక్షన్:
అందరికీ నమస్కారం. నేను సాలెపురుగులు పెంచేవాణ్ణి కాదు. మా ఇంట్లో గోడ మూలన బూజు దులపాలన్నా నేనే జంకుతాను. కానీ మా బావమరిదికి ఈ పిచ్చి బాగా ఉంది. ఎనిమిదేళ్ళుగా జర్మనీలో ఉద్యోగం. ఒక గది నిండా ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కో డబ్బాలో ఒక టరాంటులా, అంటే ఒళ్ళంతా నూగుండే పెద్ద సాలీడు. వాటిలో ఒకటి మన ఊరి పేరు పెట్టుకున్నదే, గుత్తి సాలీడు. శాస్త్రీయ నామం పొయిసిలోథీరియా మెటాలికా. నీలం రంగులో నెమలి మెడలా మెరుస్తుంది. ఫొటో పంపితే మా ఆఫీసులో ఎవరూ నమ్మలేదు, రంగు వేశారన్నారు.

అసలు విషయానికి వస్తాను. వాడి దగ్గరున్నది మగది. మగవి పెద్దవయ్యాక ఎక్కువ కాలం బతకవంట. దానికి అదే జాతి ఆడది దొరకలేదు. ఇంట్లో రెగాలిస్ అనే ఇంకో జాతి ఆడది ఉంది, అదీ మన దేశపుదే. "ఊరికే చచ్చిపోతుంది గదా బావా" అని మగదాన్ని ఆ డబ్బాలోకి వదిలాడు. జత కట్టాయి. మగది ప్రాణాలతో బయటపడింది కూడా. ఆ ముచ్చట అక్కడి పెంపకందార్ల గ్రూపులో పెట్టేసరికి ఒకటే తిట్లు. ఏదో హత్య చేసినట్టు మాట్లాడారంట. పాపం, వాడికి రెండు రోజులు నిద్ర లేదు.

కుక్కల్లో, కోళ్ళల్లో, ఆవుల్లో మనం రోజూ చేస్తున్నదే కదా ఇది? ఇందులో అంత తప్పేముంది? ఆడది గుడ్లు పెడితే వాడు ఏం చేయాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

గాజుపెట్టె_కర్నూలు:
తప్పేం లేదన్నా. నాకు చేపల షాపు ఉంది, పద్నాలుగేళ్ళుగా ఇదే వ్యాపారం. నా షాపులో బాగా పోయే చేప ఫ్లవర్‌హార్న్. అది ఏ నదిలోనూ దొరకదు. 1990లలో మలేషియా వైపు నాలుగైదు రకాలు కలిపి పుట్టించారు. తలమీద బుడిపె ఎంత పెద్దదైతే అంత రేటు. వాస్తుకు మంచిదని పెద్ద పెద్దవాళ్ళు వచ్చి కొంటారు. దాని మీద ఏ గ్రూపులోనూ పంచాయితీ జరగలేదు. సాలీడుకు మాత్రం ఎందుకు?

ఎనిమిది_కాళ్ళు:
మాది ప్రొద్దుటూరు, ఇప్పుడు ఉండేది అమెరికాలో. తొమ్మిదేళ్ళుగా టరాంటులాలు పెంచుతున్నాను. గాజుపెట్టె అన్నా, నీ పోలికలోనే జవాబు ఉంది. ఫ్లవర్‌హార్న్‌ను చూసి నదిలో పట్టిన చేప అని ఎవడూ పొరబడడు. దాని పేరే వేరు. సాలీళ్ళలో అట్లా కాదు. సంకరం పిల్ల అటు తల్లినో ఇటు తండ్రినో పోలి ఉంటుంది. చిన్నప్పుడు ఏదీ తేలదు. మెటాలికా పిల్లకు కూడా మొదట ఆ నీలం ఉండదు, కుబుసం విడిచే కొద్దీ వస్తుంది. చిటికెన వేలి గోరంత పిల్లను చూసి జాతి చెప్పగలిగే మొనగాడు ఎవడూ లేడు. డబ్బా మీద స్టిక్కర్ ఏం చెబితే అది నమ్మాలి, అంతే.

ఒక గుడ్ల సంచిలో వంద దాకా పిల్లలు రావచ్చు. మీ బావమరిది నిజాయితీపరుడే అనుకుందాం. వంద డబ్బాల మీద "సంకరం" అని రాశాడు. పది ఉంచుకున్నాడు, తొంభై ఇచ్చేశాడు. తీసుకున్నవాడు మూడేళ్ళకు ఇల్లు మారుతూ ఇంకొకడికి ఇచ్చాడు. అప్పటికి స్టిక్కర్ ఊడిపోయి ఉంటుంది. మూడో చేతికి వచ్చేసరికి అది "రెగాలిస్ ఆడది, పెద్దది". నాలుగోవాడు దాన్ని అసలైన రెగాలిస్‌తో జతకట్టిస్తాడు. పాపం వాడి తప్పేం లేదు. అక్కడి నుంచి ఇంక వెనక్కి రాలేం.

కొండారెడ్డి_బురుజు:
మా మామయ్య ఇట్లాగే పుంగనూరు దూడ అని కొన్నాడు. రెండేళ్ళకు అది మా గేటు కంటే ఎత్తయింది. పాలు మాత్రం బాగానే ఇస్తోంది.

గుత్తి_జంక్షన్:
😀 మీ మామయ్య దాన్ని ఇంకా పుంగనూరు అనే చెబుతున్నాడా?

కొండారెడ్డి_బురుజు:
దాని దూడను పుంగనూరు అనే అమ్మాడు.

ఎనిమిది_కాళ్ళు:
చూశారా. నేను రెండు పేరాల్లో చెప్పింది ఈయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

వేరుశనగ_చేను:
నాకు సాలీళ్ళ సంగతి తెలీదు, విత్తనం సంగతి తెలుసు. మాది అనంతపురం జిల్లా, మెట్ట. వేరుశనగ పూవు దానంతటదే పరాగం పట్టుకుంటుంది, పక్క చేలో వేరే రకం ఉన్నా పెద్దగా కలవదు. మరి మా విత్తనం ఎందుకు కల్తీ అవుతుందంటే, కల్లంలో. ఒకే నూర్పిడి మిషన్‌లో ముందు వేరేవాళ్ళ కాయ, తర్వాత మనది. ఒకే గోతాంలో రెండు రకాలు. ఒక్కసారి గోతాంలో కలిసిందా, దేవుడు దిగివచ్చినా వేరు చేయలేడు. పైరు మొలిచి పూతకొచ్చాక గానీ తెలీదు, అప్పటికి కారు అయిపోయింటుంది.

కాబట్టి సంకరం చేయడమే పాపం అంటే నేను ఒప్పుకోను. కదిరి పరిశోధన కేంద్రంలో చేసేదే ఆ పని. మేము ఇన్నేళ్ళు వేసిన కదిరి-6 కూడా రెండు రకాలను కలిపి తీసిందే. అయితే అక్కడ ప్రతి పూవుకు దారం కట్టి, నంబరు వేసి, రిజిస్టర్‌లో తల్లీ తండ్రీ పేరు రాసుకుంటారు. పనికిరాని మొక్కను పీకి పారేస్తారు, ఊళ్ళో పంచరు. మీ బావమరిది దగ్గర రిజిస్టర్ ఉందా? పీకి పారేసే గుండె ఉందా?

గుత్తి_జంక్షన్:
రిజిస్టర్ ఉందన్నా, ఎక్సెల్‌లో. ఏ తేదీన మేత వేసింది, ఏ తేదీన కుబుసం విడిచింది అన్నీ రాస్తాడు. గుండె సంగతి చెప్పలేను. చచ్చిన బొద్దింకకు బాధపడే రకం.

పెరుగన్నం_పాప:
బొద్దింకలు కూడా పెంచుతాడా???

గుత్తి_జంక్షన్:
మేత కోసం. అదొక డబ్బా వేరే. మా చెల్లెలు, అంటే వాడి భార్య, ఆ గది వైపు పోదు.

కడప_జువాలజీ:
నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. రెండు వైపులా ఉన్న ఒక ఇబ్బంది గురించి రాస్తాను, కొంచెం ఓపికగా చదవండి.

"జాతులను కలపొద్దు" అనాలంటే ముందు ఏది ఏ జాతో తెలియాలి. టరాంటులాల్లో అది పెద్ద చిక్కు. మెక్సికో ఎర్ర మోకాళ్ళ సాలీడు అందరికీ తెలిసిందే, సినిమాల్లో కనబడేది ఎక్కువగా అదే. దాన్ని దశాబ్దాలుగా బ్రాకీపెల్మా స్మితీ అని అమ్మారు, కొన్నారు. 1997లో దానికి చాలా దగ్గరి పోలికలున్న హామోరీ అనే జాతిని వర్ణించారు. 2017లో పరిశోధకులు మళ్ళీ అంతా తవ్వి చూసి, పెంపకందార్లు స్మితీ అని పిలుస్తున్నవాటిలో చాలావరకు హామోరీ అని తేల్చారు. మరి ఆ మధ్య కాలంలో "స్మితీ మగది కావాలి, మా దగ్గర స్మితీ ఆడది ఉంది" అంటూ జరిగిన పెళ్ళిళ్ళన్నీ ఏమైనట్టు? ఎన్ని సంకరాలో ఎవరికి తెలుసు? చేసినవాళ్ళంతా నిష్ఠగా ఒకే జాతిని కలుపుతున్నాం అనుకున్నవాళ్ళే. దక్షిణ అమెరికాలో అవిక్యులేరియా అనే టరాంటులాల సంగతీ ఇంతే, 2017 సవరణలో చాలా పేర్లు మారాయి.

కాబట్టి మీ బావమరిదిని తిట్టినవాళ్ళలో కొందరి డబ్బాల్లోనే తెలియని సంకరాలు ఉండి ఉండవచ్చు. ఇది ఆయన పనిని సమర్థించడానికి చెప్పడం లేదు. తెలియక కలిసింది ఎలాగూ కలిసింది, తెలిసి ఇంకా కలపడం దేనికని నా ఉద్దేశం.

ఇంకొక మాట. అడవిలో మగ సాలీడు ఆడదాని తొర్ర దగ్గరకు వెళ్ళి కాళ్ళతో తట్టి తాళం కొడుతుంది, కొట్టిన తీరును బట్టి లోపలిది రానిస్తుంది, లేదా పట్టి తింటుంది. దూరం, కాలం, ఈ తాళం, ఇవన్నీ జాతుల మధ్య గోడలు. గాజుపెట్టెలోకి మనం చేత్తో తెచ్చి వదిలినప్పుడు ఆ గోడలు చాలావరకు మనమే పడగొట్టినట్టు. "అవే కలిశాయి" అనడం సరికాదు.

గాజుపెట్టె_కర్నూలు:
మేడం బాగా చెప్పారు. కానీ నాకొక డౌటు. ఆ గ్రూపులో ఇచ్చిన సలహా ఏంటి? గుడ్ల సంచి వస్తే ఫ్రీజర్‌లో పెట్టమని. అవునా?

గుత్తి_జంక్షన్:
అవును. అదే వాడికి మింగుడు పడనిది.

గాజుపెట్టె_కర్నూలు:
అదిగో. పుట్టిస్తే పాపం, చంపితే పుణ్యం. ఇదెక్కడి నీతి? మీకు రికార్డుల శుభ్రత ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?

ఎనిమిది_కాళ్ళు:
అన్నా, నీ షాపులో గప్పీలు వారానికి ఎన్ని చస్తాయో నన్ను చెప్పమంటావా?

గాజుపెట్టె_కర్నూలు:
నా షాపు సంగతి నీకెందుకు? అమెరికాలో కూర్చుని ఇక్కడివాళ్ళకు నీతులు చెప్పడం తేలిక.

ఎనిమిది_కాళ్ళు:
సరే, ఆ మాట అనకుండా ఉండాల్సింది, సారీ. కానీ విషయం మీద మాత్రం తగ్గను. తాజాగా పెట్టిన గుడ్లను చల్లబరిస్తే అందులో బాధపడేందుకు ఇంకా జీవి తయారు కాలేదు. కోడిగుడ్డు తినేవాళ్ళం మనం. కళ్ళు, కాళ్ళు వచ్చాక చేస్తే అది వేరే సంగతి, అప్పుడు నాకూ చెయ్యి రాదు. అందుకే నిర్ణయం మొదటి వారంలోనే తీసుకోవాలి, ఆలస్యం చేసే కొద్దీ బరువు పెరుగుతుంది.

"అన్నీ నేనే పెంచుకుంటాను, ఎవరికీ ఇవ్వను" అనేవాళ్ళూ ఉన్నారు. వినడానికి బాగుంటుంది. ఆడవి పదేళ్ళకు పైగా బతుకుతాయి. వంద డబ్బాలు, పదేళ్ళు, మధ్యలో ఉద్యోగం మారితే, ఇంటి ఓనరు ఒప్పుకోకపోతే? ఈ పొయిసిలోథీరియాలు మామూలు సాలీళ్ళు కావు, మెరుపులా పరుగెడతాయి. కొన్ని టరాంటులాలు శత్రువు మీదికి రాల్చే దురద నూగు వీటికి ఉండదు, కాటే ఆయుధం. కాటు వేస్తే నొప్పి, కండరాల తిమ్మిర్లు రోజుల తరబడి వేధిస్తాయి. వంద చేతులు మారే సరుకు కాదిది.

మహానంది_దారి:
ఇంతసేపు చదివాను. మీ అందరి మాటల్లో ఒకటి లేదు, అది అడవి.

మాది నంద్యాల పక్కన పల్లె, చిన్నప్పటి నుంచి నల్లమల అంచునే. మీరంతా గుత్తి సాలీడు, గుత్తి సాలీడు అంటున్నారు. గుత్తిలో అది ఎప్పుడైనా కనబడిందా అన్నా? 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో ఒకటి దొరికింది. పోకాక్ అనే ఆయన దానికి పేరు పెట్టాడు. తర్వాత వందేళ్ళు ఎవరికీ కనబడలేదు. 2001లో మళ్ళీ దొరికింది, గుత్తిలో కాదు, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో. అంటే ఆనాడు కొట్టిన దుంగతో పాటు రైలెక్కి గుత్తికి వచ్చి ఉంటుందని పెద్దలు అనుకుంటారు. గాజులపల్లి, చలమ, దిగువమెట్ట స్టేషన్ల మీదుగా ఆ రైలుదారి ఇప్పటికీ అడవిలోంచే పోతుంది. టికెట్ లేకుండా వచ్చిన ప్రయాణికురాలు, మీ ఊరి పేరు తగిలించుకుంది.

అది ఉండేది పాత చెట్ల తొర్రల్లో. పెద్ద చెట్టు లేకపోతే అదీ లేదు. ప్రపంచంలో ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో జాబితా రాసే ఐయూసీఎన్ సంస్థ వాళ్ళు 2008లో "అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి" అని రాశారు, ఉనికి వంద చదరపు కిలోమీటర్ల లోపే అని. కట్టెలకు, కలపకు చెట్లు పోతున్నాయి. పైగా పట్టుకెళ్ళి అమ్మేవాళ్ళు. 2001 తర్వాత కొన్నేళ్ళకే విదేశీ దుకాణాల్లో కనబడింది. ఎవరు ఏ అనుమతితో తీసుకెళ్ళారో మీరే ఊహించుకోండి.

కాబట్టి జర్మనీలో ఒక డబ్బాలో ఏది ఏదాన్ని కలిసిందనేది నాకు పెద్ద విషయంగా అనిపించదు. ఇక్కడ ఒక మద్దిచెట్టు పడిపోతే అది పెద్ద విషయం.

కడప_జువాలజీ:
మహానంది గారూ, మీతో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే రెండూ పూర్తిగా వేరు కాదు. అడవిలోది అంతరిస్తే పెంపకంలో ఉన్నవైనా మిగులుతాయన్న ఆశ చాలామందికి ఉంది. నిజం చెప్పాలంటే పెంపకందార్ల దగ్గరున్న సాలీళ్ళను తెచ్చి నల్లమలలో వదిలే పరిస్థితి లేదు. ఏ చెట్టు నుంచి వచ్చిన వంశమో తెలియదు, తరతరాలుగా కొద్దిపాటి వాటిలోనే కలుపుతూ వచ్చారు. అయినా సరే, పేరైనా స్వచ్ఛంగా ఉంటే ఒక పరిశోధకుడికి విషం మీదో, ఆ రంగు మీదో పని చేయడానికి పనికొస్తుంది. రెగాలిస్ రక్తం కలిస్తే ఆ కాస్త ఉపయోగమూ పోతుంది.

రంగు అంటే గుర్తొచ్చింది. ఈ నీలం నిజంగా రంగు పదార్థం కాదు, వెంట్రుకల్లోని అతి సూక్ష్మ నిర్మాణం కాంతిని వెనక్కి పంపే తీరు వల్ల కనిపించే నీలం. టరాంటులాల్లో ఈ నీలం కనీసం ఎనిమిది సార్లు విడివిడిగా పుట్టిందని 2015లో ఒక పరిశోధన వచ్చింది. కాబట్టి నీలాన్ని బూడిద రంగుతో కలిపితే లేత నీలం వస్తుందనుకోవద్దు, ఇవి డబ్బాలో కలిపే పెయింట్లు కావు.

సరదా_శీను:
అనంతపురంలో ఈ గుత్తి టరాంటులా ఎక్కడ దొరుకుతుంది? పిల్ల అయినా పర్వాలేదు. రేటు చెప్పండి. వాట్సాప్ నంబరు

నిర్వాహకుడు:
పై సందేశంలో నంబరు తీసేశాం. ఇక్కడ కొనడం, అమ్మడం, "ఎక్కడ దొరుకుతుంది" అనడం కుదరదు. ఒకసారి చెబుతాం, రెండోసారి సభ్యత్వం ఉండదు. తెలియనివాళ్ళ కోసం: పొయిసిలోథీరియా ప్రజాతి మొత్తం 2019లో సైటీస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో చేరింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, సైటీస్ జీవుల పట్టికను అందులో చేర్చారు. 2024 నియమాల ప్రకారం అలాంటి జీవులు ఉన్నవాళ్ళు కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. అడవిలోంచి పట్టుకురావడం గురించి అడగనే వద్దు.

సరదా_శీను:
సారీ అడ్మిన్. ఊరికే అడిగా.

ఎనిమిది_కాళ్ళు:
చట్టం మాట వచ్చింది కాబట్టి ఒకటి. 2018లో అమెరికా ప్రభుత్వం శ్రీలంకకు చెందిన ఐదు పొయిసిలోథీరియా జాతులను అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో పెట్టింది. అనుమతి లేకుండా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అమ్మకూడదు. రెగాలిస్ ఆ ఐదింటిలో లేదు. ఇప్పుడు నా చేతికి "రెగాలిస్" అని వచ్చినదాంట్లో శ్రీలంక రక్తం ఉంటే? నేను తెలియకుండానే చిక్కుల్లో పడతాను. అందుకే ఇక్కడ చాలామంది సంకరం అంటే మండిపడతారు. అందులో కొంత నీతి, కొంత భయం. దాన్ని ఒప్పుకోవాలి.

వేరుశనగ_చేను:
భయం ఉంటేనే మేలు. విత్తన దుకాణాల వాళ్ళకు ఆ భయం లేకనే మా బతుకు ఇట్లుంది.

గాజుపెట్టె_కర్నూలు:
సరే, నేను కొంచెం దిగొస్తాను. సంకరాన్ని సంకరం అని పేరుపెట్టి, దాన్నే ఒక రకంగా నిలబెడితే, ఫ్లవర్‌హార్న్ లాగా, అప్పుడు అభ్యంతరమా?

ఎనిమిది_కాళ్ళు:
దేనికోసం అన్నా? కోడికి మాంసం, ఆవుకు పాలు, వేరుశనగకు నూనె. చేపకు కనీసం వాస్తు. సాలీడు ఇచ్చేది ఏముంది, చూడ్డానికి అదే కదా? నల్లమలలో తయారైన ఆ నీలం కంటే బాగా మనం ఏం తయారుచేస్తాం?

గుత్తి_జంక్షన్:
అందరికీ థ్యాంక్స్. ఇదంతా చదివి వినిపిస్తుంటే మా ఆవిడ ఒక్కటే అంది: "వాడు చేసింది జత కట్టించడం కాదు, ఏమవుతుందో చూద్దామని చేయడం." వాడి అక్క కదా, బాగా తెలుసు. వాడికి ఫోన్‌లో ఇదే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

(పదిహేడు రోజుల తర్వాత)

గుత్తి_జంక్షన్:
అప్‌డేట్. గుడ్ల సంచి రాలేదు. నిన్న రాత్రి రెగాలిస్ ఆడది కుబుసం విడిచిందంట. ఇక గుడ్లు రావు అంటున్నాడు. నాకు అర్థం కాలేదు.

కడప_జువాలజీ:
అవును, రావు. ఆడ సాలీడు మగదాని వీర్యాన్ని లోపల ఒక సంచిలో దాచుకుంటుంది. ఆ సంచి లోపలి పొర కూడా చర్మంలో భాగమే. కుబుసంతో పాటు అదీ, అందులో దాచుకున్నదీ బయటికి పోతాయి. ఇప్పుడది మళ్ళీ కన్య కిందే లెక్క.

గాజుపెట్టె_కర్నూలు:
ఇన్ని రోజులు మనం కొట్టుకున్నాం, అది చొక్కా విప్పి పక్కన పడేసింది.

ఎనిమిది_కాళ్ళు:
తప్పించింది కుబుసం, మీ బావమరిది కాదు. సంతోషమే అనుకోండి. మగది ఇంకా ఉందా?

గుత్తి_జంక్షన్:
ఉంది. కొంచెం నీరసించింది, ఒక కాలు సరిగ్గా ఎత్తడం లేదంట. మొన్న తిట్టినవాళ్ళలోనే ఒకాయన దగ్గర మెటాలికా ఆడది ఉందని మెసేజ్ పెట్టాడు. పిల్లలు వస్తే చెరిసగం అని ఒప్పందం. రేపు పంపిస్తున్నాడు. అక్కడ బాగా చలి, పెట్టెలో వెచ్చగా ఉండే ప్యాకెట్ పెట్టి, డబ్బా మీదా, మూత మీదా, అడుగునా మూడు చోట్ల పేరు రాశాడంట.

మహానంది_దారి:
ఏ పేరు రాశాడు, గుత్తి అనేనా?

గుత్తి_జంక్షన్:
అవును. అడిగితే, నంద్యాల అని రాస్తే అక్కడ ఎవరికీ తెలీదు బావా అన్నాడు.

మహానంది_దారి:
సరే పోనీ. మళ్ళీ రైలెక్కింది కదా, ఎక్కడో ఒకచోట దిగుతుందిలే.